పల్నాటి సున్నపురాయిలో రోజు పొడవు: ఒక కేస్ స్టడీ

గుంటూరులో ఉంటూ అవక్షేప రికార్డుల విశ్లేషణలో పరిశోధక విద్యార్థులకు సాయపడుతుంటాను. ఇది అలా వచ్చిన ఒక కేసు. పల్నాటి సున్నపురాయి ఏర్పడిన కాలంలో రోజుకు ఎన్ని గంటలో ఆ రాతి పొరల నుంచే తేల్చగలమా అన్నది ప్రశ్న. విద్యార్థిని ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తోంది. ఆమె పేరు, కాలేజీ, క్వారీ ఉన్న ఊరు, కోర్ (బోరుతో తీసిన పొడవాటి రాతి కడ్డీ) ఇచ్చిన సంస్థ ఇక్కడ రాయడం లేదు. పొరల మందాలను లెక్కకు వీలుగా సర్ది చెబుతున్నాను, నిష్పత్తులు మాత్రం అసలువే. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. ఇలాంటి డేటాతో కుస్తీ పడుతున్న వాళ్లకు పనికొస్తుందని నా నమ్మకం.

నేపథ్యం

పల్నాడులో పరుచుకున్న బూడిద రంగు రాయిని భూగర్భ శాస్త్రంలో నార్జీ సున్నపురాయి అంటారు. కర్నూలు గ్రూపులో బనగానపల్లె క్వార్ట్‌జైట్ కింద, దాని మీద ఇది, దీని మీద ఔకు షేల్. పిడుగురాళ్ల బట్టీల్లో కాలే రాయి, సిమెంట్ ఫ్యాక్టరీలకు లారీల్లో వెళ్లే రాయి ఇదే. ఒకప్పుడు లోతు తక్కువ సముద్రం అడుగున పేరుకున్న సన్నటి సున్నపు బురద ఇలా గట్టిపడింది. క్వారీ గోడ మీద బకెట్ నీళ్లు చల్లి చూడండి. పొడిగా ఉన్నప్పుడు ఒకే రంగులా కనిపించిన గోడ మీద లేత చార, ముదురు చార, మళ్లీ లేత చార అని బారులు తేలతాయి. ముదురు చారలో బంకమట్టి పాలు ఎక్కువ, లేత చారలో సున్నం పాలు ఎక్కువ.

ఇలాంటి చారల వెనక భూమి కక్ష్య ఉండొచ్చన్నది కొత్త మాటేమీ కాదు. 1976లో హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ దక్షిణ హిందూ మహాసముద్రం కోర్లలో కక్ష్య లయలను చూపించాక ఆ ఆలోచన స్థిరపడింది. సూర్యుడి చుట్టూ తిరిగే దారి కాస్త సాగుతూ గుండ్రమవుతూ ఉంటుంది. ఇందులో దాదాపు లక్ష ఏళ్ల లయ ఒకటి, 4,05,000 ఏళ్ల లయ ఇంకొకటి. భూమి అక్షం వాలు ఇప్పుడు 41,000 ఏళ్ల లయతో మారుతుంది. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తిరిగే అయన చలనం వల్ల వచ్చే లయ దాదాపు 23,000, 19,000 ఏళ్లది. ఎండ మారితే వాన మారుతుంది, వాన మారితే నది తెచ్చే మట్టి మారుతుంది. ఆ మట్టే చారల్లో మిగులుతుంది.

రోజు పొడవు ఇందులోకి ఎలా వస్తుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే కేసు మొత్తం దీని మీదే నడిచింది. పంచాంగం లెక్కల్లో అయన చలనం ఏడాదికి సుమారు 50 వికలలు (వికల అంటే డిగ్రీలో 3,600వ వంతు). చంద్రుడు, సూర్యుడు భూమి నడుము ఉబ్బును లాగడం వల్ల వచ్చే వేగం ఇది. చంద్రుడు ఇప్పుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాడు, భూమి తిరుగుడు నెమ్మదిస్తోంది. వెనక్కి వెళ్లేకొద్దీ చంద్రుడు దగ్గర, రోజు చిన్నది, నడుము ఉబ్బు ఎక్కువ, అందువల్ల అయన వేగమూ ఎక్కువ. కాబట్టి అయన లయ, వాలు లయ పాత కాలంలో కురచగా ఉండాలి. 4,05,000 ఏళ్ల లయ మాత్రం శుక్రుడు, గురుడు కలిసి నడిపేది. భూమి కక్ష్యను మెల్లగా తిప్పడంలో శుక్రుడి పాలు ఏడాదికి 7.45 వికలలు, గురుడి పాలు 4.26, తేడా దాదాపు 3.2 వికలలు. పూర్తి చుట్టు 12,96,000 వికలలు. దాన్ని 3.2తో భాగిస్తే 4,05,000 ఏళ్లు. ఇందులో భూమి తిరుగుడు ఊసే లేదు. అమెరికాలో తీసిన కోర్లలో ఈ లయ 21 కోట్ల ఏళ్లకు పైగా మారలేదని 2018లో తేలింది కూడా. అంటే రాతిలో మారని కొలబద్ద ఒకటి, మారే లయ ఒకటి పక్కపక్కనే ఉంటాయి. రెండింటి నిష్పత్తి తెలిస్తే అప్పటి అయన వేగం, దాన్నుంచి రోజు పొడవు తెలుస్తాయి. మేయర్స్, మాలిన్‌వెర్నో ఇదే దారిలో ఉత్తర చైనాలోని 140 కోట్ల ఏళ్ల నాటి షియామాలింగ్ పొరల నుంచి 18.7 గంటల రోజును లెక్కగట్టారు.

తెచ్చిన సమస్య

ఆమె చేతిలో దాదాపు పూర్తయిన అధ్యాయం ఉంది. క్వారీ గోడ ఫొటోలు తీసి, బూడిద రంగు తీవ్రతను అంకెలుగా మార్చి, స్పెక్ట్రమ్ గీసింది. చారలు ఎంత మందానికి ఒకసారి తిరిగి వస్తున్నాయో శిఖరాలుగా చూపే గ్రాఫ్ అది. మూడు శిఖరాలు వచ్చాయి: 4.8 మీటర్లు, 29 సెంటీమీటర్లు, 20 సెంటీమీటర్లు. మొదటిది 4,05,000 ఏళ్లు అనుకుంటే మూడోది అందులో 24వ వంతు, అంటే దాదాపు 16,900 ఏళ్ల అయన లయ. రెండోది 24,000 ఏళ్ల పైచిలుకు వాలు లయ. రెండూ కలిపి రోజు 20 గంటలని తేల్చింది.

“మూడు శిఖరాలూ ఒకే జవాబు చెబుతున్నాయి సార్. సెమినార్ దగ్గర పడింది. ఒక పేపర్ విలేకరి కూడా రెండుసార్లు ఫోన్ చేశాడు” అంది. టెన్షన్ ఆమె గొంతులోనే తెలుస్తోంది. గైడ్‌కు ఈ పద్ధతి కొత్త, ఆయనే నా దగ్గరికి పంపారు.

“గోడ మీద 29 సెంటీమీటర్లకు ఇంకేమైనా ఉందామ్మా?” అని అడిగాను. ఆ శిఖరం మిగతా రెండింటి కన్నా మరీ సన్నగా, మరీ నిటారుగా ఉంది. బురద పేరుకునే వేగం ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. ఆ హెచ్చుతగ్గులకు ప్రకృతిలో వచ్చే ఏ లయ శిఖరమైనా కొంత వెడల్పు అవ్వాలి. కత్తితో గీసినట్టున్న శిఖరం రాతిలో కనిపిస్తే ముందు మనిషి చేసిన పనినే వెతకాలి.

ప్రయత్నించినవి, నిలవనివి

ఇద్దరం క్వారీకి వెళ్లి టేపు పెట్టి చూశాం. పట్టాల మీద నడిచే కోత మిషన్ రాతిని ఒక్కో విడతకు కొంత లోతు కోస్తుంది. ఆ విడత పూర్తయ్యాక పలకలు లేపి, కింది మట్టానికి దిగి మళ్లీ కోస్తుంది. విడత మారిన చోట గోడ మీద వేలెడు గట్టు మిగిలిపోతుంది. దాని మీద రాతి పొడి పేరుకుంటుంది, కింద సన్నటి నీడ పడుతుంది. ఫొటోలో అది లేత గీత, దాని కింద ముదురు గీత. టేపు మీద గట్టుకూ గట్టుకూ మధ్య 29 సెంటీమీటర్లు. అయినా అంతటితో ఒప్పుకోకూడదు, యాదృచ్ఛికం కావచ్చు. ఎదురు గోడను వేరే మిషన్‌తో కోశారు, దాని విడత ఇంకాస్త లోతు. అదే పొరలను ఆ గోడ మీద ఫొటో తీసి స్పెక్ట్రమ్ గీస్తే 29 దగ్గర ఏమీ లేదు, శిఖరం కొత్త విడత లోతుకు జరిగింది. 4.8 మీటర్లు, 20 సెంటీమీటర్లు మాత్రం కదల్లేదు. భూమి అక్షం వాలు మిషన్ బ్లేడును బట్టి మారదు కదా. వాలు లయ అనుకున్నది అలా పోయింది.

తర్వాత చారలను కంటితో లెక్కపెట్టి చూద్దామంది. అదే గోడను ఆమె, ఒక ఎమ్మెస్సీ విద్యార్థి ఒకరి లెక్క ఒకరికి చెప్పకుండా లెక్కపెట్టారు. రెండు లెక్కలు బాగా తేడా వచ్చాయి, తేడా కూడా ఒక చోట కాదు, గోడ పొడుగునా. సన్నటి మట్టి పట్టీని ఒకరు చార అన్నారు, ఇంకొకరు పలక విడిపోయే అతుకు అన్నారు. ఇద్దరిదీ తప్పు కాదు. సున్నపురాయి పూడుకుపోయాక పై బరువుకు కొంత సున్నం కరుగుతుంది. కరగని మట్టి పట్టీలుగా మిగులుతుంది. ఆ పట్టీలు కక్ష్యతో పని లేకుండా, దాదాపు సమానమైన ఎడంలో కూడా ఏర్పడగలవు. రంగు మీద ఆధారపడితే సముద్రంలో పడిన లయ ఏదో, రాతిలో పుట్టిన లయ ఏదో విడదీయలేం. అక్కడితో గోడను, ఫొటోలను వదిలేశాం.

మూడో ఇబ్బంది గణాంకాలది. పాత అధ్యాయంలో శిఖరాలన్నీ 95 శాతం గీత (యాదృచ్ఛికంగా దాటే అవకాశం అయిదు శాతమే అన్న హద్దు) దాటాయని రాసింది. వంద చోట్ల వెతికితే ఉత్త రొదలో కూడా అయిదు చోట్ల ఆ గీత దాటుతుంది. పైగా ఆమె పోల్చింది తెల్ల రొదతో, అంటే అన్ని మందాల దగ్గరా ఒకే బలం ఉండే రొదతో. అవక్షేపంలో ఈ పొర కింది పొరను పోలి ఉంటుంది కాబట్టి పెద్ద మందాల దగ్గర బలం దానంతటదే ఎక్కువ ఉంటుంది. పోల్చాల్సింది అలాంటి రొదతో, అంటే రెడ్ నాయిస్‌తో. ఆ లెక్క వేస్తే 4.8 మీటర్ల శిఖరం కూడా బలహీనపడింది.

ఆమె చాలా నిరుత్సాహపడింది. పనంతా వృథా అయిందా అంది. 20 సెంటీమీటర్ల శిఖరం మాత్రం రెండు గోడల మీదా, రెడ్ నాయిస్ మీదా నిలబడిందని గుర్తు చేశాను. దాన్ని నమ్మదగిన పదార్థంలో మళ్లీ వెతకాలి.

పనిచేసిన దారి

అదే లీజులో ఎప్పుడో అన్వేషణ కోసం తీసిన కోర్ పెట్టెల్లో భద్రంగా ఉంది. దాంతోపాటు బోరులో పరికరం దించి తీసిన గామా లాగ్ (రాతి సహజ రేడియోధార్మికత రికార్డు) కాగితం చుట్ట కూడా దొరికింది. ఆ చుట్ట ఎంత విలువైనదో ఇచ్చినవాళ్లకు తెలియదు. బంకమట్టిలో పొటాషియం, థోరియం ఉంటాయి, గామా దాన్ని పట్టిస్తుంది. 20 సెంటీమీటర్ల చారను విడిగా చూపే సూక్ష్మత దానికి లేదు, కానీ మీటర్ల లయను కోర్ మొత్తం పొడవునా చూపుతుంది. అందుకే పనిని రెండుగా విడగొట్టాం: పెద్ద లయలకు గామా లాగ్, చిన్న లయకు రసాయనం.

ముందు కొలబద్దను ఖాయం చేసుకోవాలి. ఒంటరి 4.8 మీటర్ల శిఖరాన్ని 4,05,000 అని పిలిచే హక్కు మనకు లేదు. కానీ లక్ష ఏళ్ల లయ కూడా గ్రహాల పనే, భూమి తిరుగుడుతో సంబంధం లేనిది. కాబట్టి రాతి వయసు తెలియకపోయినా 4.8 మీటర్లలో నాలుగో వంతు దగ్గర ఇంకో లయ ఉండి తీరాలి. గామా లాగ్‌లో 1.2 మీటర్ల దగ్గర వెడల్పాటి శిఖరం వచ్చింది. రోజు పొడవు గురించి ఏమీ ఊహించకుండానే కొలబద్ద దొరికింది. ఈ కేసులో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన క్షణం అది.

చిన్న లయకు ఏ కొలత తీసుకోవాలన్నది తర్వాతి నిర్ణయం. మొదట ఆమె కాలేజీ ల్యాబ్‌లోనే చేయగలిగినది చేసింది: రాతిని పొడి కొట్టి, పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసి, నురగ ఆగేదాకా ఉంచి, వడకట్టి, ఆరబెట్టి తూచడం. మిగిలేది మట్టి. చవక, ఎవరైనా చేయొచ్చు. అయితే సున్నం కరిగిపోయిన పట్టీలో మట్టి శాతం దానంతటదే పెరుగుతుంది, అంటే పాత సమస్యే. అందుకే టైటానియం, అల్యూమినియం నిష్పత్తిని ప్రధాన కొలతగా పెట్టుకున్నాం. రెండూ మట్టితోనే వస్తాయి, రెండూ తేలిగ్గా కరగవు. సున్నం ఎంత కరిగినా వాటి నిష్పత్తి మారదు. అది మారిందంటే ఒడ్డు నుంచి వచ్చిన మట్టి తీరే మారినట్టు.

ఒక సిమెంట్ ఫ్యాక్టరీ ల్యాబ్ తన ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రాన్ని (ఎక్స్‌రేలతో మూలకాలను కొలిచేది) వాడుకోనిచ్చింది. అక్కడ కాల్షియం, సిలికా కొలవడానికి అమరిక బాగుంటుంది, తక్కువ మోతాదులో ఉండే టైటానియానికి అంత బాగుండదు. ముందు ప్రామాణిక నమూనాలు పెట్టి సరిచూసుకున్నాకే మనవి పెట్టాం. వరుస క్రమంలో పెట్టొద్దని కూడా ఆమెకు చెప్పాను. యంత్రం రోజంతా మెల్లగా జరిగితే ఆ జరుగుడు లోతుతో పాటు లయలా కనిపిస్తుంది. పొట్లాలను కలిపేసి యాదృచ్ఛికంగా కొలిచింది.

నమూనాల ఎడం రెండున్నర సెంటీమీటర్లు. సిద్ధాంతం ప్రకారం ఒక లయకు రెండు నమూనాలు చాలు, కానీ చేతితో చేసే పనిలో ఆరేడు లేకపోతే ఆకారం తెలియదు. మేం వెతికే అతి చిన్న లయ 17 సెంటీమీటర్లు, ఎందుకో కింద చెబుతాను. కోర్ అంతా అలా కోయడం ఒక మనిషి వల్ల కాదు. కోర్ నష్టం లేని, తుపాను తెచ్చిన ఒండ్రు ఇసుక పొరలు లేని కింది భాగంలోంచి మూడు పెద్ద లయలంత పొడవు ఎంచుకున్నాం. తుపాను పొర ఒక్క పూటలో పడుతుంది, మందం మాత్రం వేల ఏళ్ల బురదంత ఉంటుంది. అలాంటివి ఉన్న పై భాగాన్ని వదిలేయడానికి కారణం అదే.

20 సెంటీమీటర్ల లయ టైటానియం–అల్యూమినియం నిష్పత్తిలో స్పష్టంగా వచ్చింది. ఇంకో పరీక్ష కూడా నెగ్గింది. కక్ష్య బాగా సాగినప్పుడు అయన ప్రభావం బలంగా, గుండ్రంగా ఉన్నప్పుడు బలహీనంగా ఉండాలి. అంటే చిన్న లయ ఎత్తు పెద్ద లయతో పాటు పెరిగి తగ్గాలి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ముందే అయన లయకు డేటాను సర్ది, ఆ లయ చుట్టుపక్కలవి మాత్రమే మిగిలేలా ఇరుకు జల్లెడ (ఫిల్టర్) పట్టి చూస్తే ఈ పెరుగుదల తగ్గుదల లేకపోయినా పుట్టుకొస్తుంది. హయ్‌బర్స్, అహరోన్‌సన్ 2010లో దీన్నే హెచ్చరించారు. అందుకే లోతును కాలంగా మార్చకుండా, జల్లెడ వెడల్పుగా ఉంచి చూశాం. 4.8 మీటర్లకు ఒకసారి ఉబ్బు కనిపించింది. ఈ రాతిలో కక్ష్య లయ ఉందని ఇప్పుడు ధైర్యంగా అనొచ్చు.

20 గంటలా, 22 గంటలా

రోజు పొడవు దగ్గరికి వచ్చేసరికి అసలు చిక్కు బయటపడింది. అయన లయ ఒకటి కాదు, రెండు గుంపులు. అయన వేగానికి గురుడి పాలు 4.3 వికలలు కలిస్తే పొడవాటి లయ, భూమి–కుజుడి పాలు సుమారు 17.6 వికలలు కలిస్తే కురచ లయ. నేటి 23,000, 19,000 ఏళ్ల లయలు అలా వచ్చినవే. మన నిష్పత్తి 24. దాన్ని 3.2తో హెచ్చిస్తే ఏడాదికి 76.8 వికలలు. 20 సెంటీమీటర్ల లయ పొడవాటిదైతే 4.3 తీసేయాలి, అయన వేగం 72.5, రోజు సుమారు 20 గంటలు. అదే కురచదైతే 17.6 తీసేయాలి, వేగం 59.2, రోజు సుమారు 22 గంటలు. ఒకే శిఖరం, రెండు జవాబులు, మధ్యలో కొన్ని పదుల కోట్ల ఏళ్ల భూమి చరిత్ర. నార్జీ వయసు మీద వాదన ఇంకా తెగలేదు కాబట్టి వయసును చూపి ఏదో ఒకదాన్ని కొట్టేయలేం. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎలటీనా ఆటుపోటు పొరలు 60 కోట్ల ఏళ్లు దాటినవి. అక్కడ వచ్చింది 21.9 గంటలు. నార్జీ ఆ కాలానిదైతే 22 సబబు, అంతకన్నా బాగా పాతదైతే 20 సబబు.

తేల్చే పరీక్ష ఉంది. రోజు 20 గంటలైతే 17 సెంటీమీటర్ల దగ్గర కురచ తోడు ఉండాలి, వాలు లయ 29 దగ్గర. 22 గంటలైతే 24 సెంటీమీటర్ల దగ్గర పొడవాటి తోడు, వాలు లయ 38 దగ్గర. 29 దగ్గర కోత మిషన్ శిఖరం ఆమెను ఎందుకంత నమ్మించిందో ఇప్పుడు అర్థమవుతుంది.

నాలుగు చోట్లా వెతికాం. వాలు లయ ఎక్కడా లేదు. భూమధ్య రేఖకు దగ్గరి సముద్రమైతే అది బలహీనంగానే ఉంటుంది కాబట్టి లేకపోవడం ఏదీ నిరూపించదు. 17 దగ్గర చిన్న ఉబ్బు ఉంది, అది ఆమ్లం కొలతలో లేదు, రెడ్ నాయిస్ గీతను దాటలేదు. రికార్డు పొట్టిగా ఉండటం ఇక్కడ కారణం కాదు. 17, 20 మధ్య తేడా ఆరో వంతే, బురద పేరుకునే వేగం అంతమాత్రం అటూ ఇటూ అయినా రెండూ కలిసిపోతాయి. మేయర్స్ రాసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఆస్ట్రోక్రాన్‌లోని పద్ధతి వేగాన్నీ అయనాన్నీ కలిపి అంచనా వేస్తుంది. దాన్ని చివరికి మాత్రమే వాడనిచ్చాను. ముందే నడిపి ఉంటే, ఇచ్చిన వయసు హద్దును బట్టి అది ఒక అంకెను, దాని పక్కన దోష పరిమితిని చక్కగా ఇచ్చేసేది, ఆ అంకె చుట్టూ అధ్యాయం అల్లుకునేది. హద్దులు విశాలంగా పెట్టి నడిపితే అయన వేగానికి 59 దగ్గర ఒక గుట్ట, 72 దగ్గర ఒక గుట్ట వచ్చాయి.

నేర్చుకున్నది, ఇప్పుడు ఎక్కడున్నాం

కొలబద్దను గ్రహాల లయలతోనే ఖాయం చేసి, ఆ తర్వాతే భూమి లయల జోలికి వెళ్లడం ఈ కేసులో మమ్మల్ని కాపాడింది. క్రమం తిరగబడి ఉంటే రోజు పొడవును ఊహించి, దాంతో లయలకు పేర్లు పెట్టి, ఆ పేర్లతో మళ్లీ రోజు పొడవు కనిపెట్టేవాళ్లం. మూడు శిఖరాలు ఒకే జవాబు చెప్పడం కూడా సాక్ష్యం కాదు. 29 సెంటీమీటర్లది సముద్రం నుంచి వచ్చిందా, మిషన్ నుంచి వచ్చిందా అని విడిగా తేల్చకపోతే అది మిగతా రెండింటికి అబద్ధపు బలం ఇస్తుంది.

అధ్యాయం మళ్లీ రాసింది. శీర్షికలో గంటలు లేవు, నార్జీ సున్నపురాయిలో కక్ష్య లయలున్నాయనే ఉంది. లోపల 20, 22 రెండు జవాబులూ వాటి లెక్కలతో ఉన్నాయి. సెమినార్‌లో ఒక పెద్దాయన “ఏదో ఒకటి చెప్పొచ్చుగా అమ్మా” అంటే, “చెప్పేంత డేటా ఇంకా లేదండీ” అని బోర్డు మీద రెండు తీసివేతలూ చేసి చూపించింది. విలేకరికి కూడా ఇదే చెప్పింది.

కర్నూలు వైపు ఔకు షేల్‌లో అగ్నిపర్వత బూడిద పొరలు గుర్తించారు. పల్నాడు వైపు సున్నపురాయి అంచుల్లో అలాంటిది దొరికితే, అందులో జిర్కాన్లు (వయసు కొలవడానికి వీలిచ్చే ఖనిజ స్ఫటికాలు) ఉంటే, వయసు నుంచే ఒక జవాబును కొట్టేయొచ్చు. ఆమె చూపు ఇప్పుడు దాని మీద ఉంది. ఈలోగా కొన్ని కిలోమీటర్ల అవతల రెండో కోర్‌కు అనుమతి వచ్చింది. అక్కడ పొరల మందం వేరుగా ఉంటుంది కాబట్టి సెంటీమీటర్లు పనికిరావు, నిష్పత్తులే చూడాలి. కొలతలు మొదలుపెట్టక ముందే షరతులు రాయించాను: పెద్ద లయలో 28వ వంతు దగ్గర తోడు రెండు కొలతల్లోనూ రెడ్ నాయిస్ దాటి కనిపిస్తే 20 గంటలు, 20వ వంతు దగ్గర కనిపిస్తే 22 గంటలు, ఏదీ లేకపోతే రెండూ అలాగే ఉంటాయి. ఆ కాగితం మీద ఆమె, గైడ్, నేను సంతకాలు చేశాం. నమూనాల పొడి కొట్టడం మొదలైంది.